ఒక్క కార్బ్యురేటర్ చాలు, అల్లుడూ

కోల్‌కతా



నీ ఉత్తరం, ఫొటోలు అందాయి. నీ అంబాసిడర్ బ్లాకు బోరు చేయించి, హెడ్డు ప్లేన్ చేయించి, వాల్వు సీట్లు కొత్తవి వేయించావు. పోర్టుల లోపల నునుపు చేసిన తీరు చూస్తే ఆ లేత్ పని చేసినాయన చెయ్యి మంచిదని తెలుస్తోంది. ఇక నువ్వు అడిగిన మాట. 1¾ అంగుళాల ఎస్‌యు కార్బ్యురేటర్లు జత దొరుకుతోంది, మానిఫోల్డుతో సహా, కొనెయ్యనా అన్నావు. కొనొద్దు. జత కొనొద్దు. నా మాట విని ఊరికే ఆగిపోతే రేపు ఇంకెవరో చెప్పారని కొనేస్తావు, అందుకే కారణాలు కాస్త వివరంగా రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

కార్బ్యురేటర్ సైజు అడిగేవాళ్లందరూ ఇంజను ఎంత పెద్దదో చెబుతారు, క్యామ్ ఏది వేశారో చెబుతారు. ఆ ఇంజను రోజూ ఏ వేగంలో తిరుగుతుందో మాత్రం చెప్పరు. నాకు ముందు కావలసింది అది. ఇక్కడ చౌరంగీ రోడ్డు మీద తిరిగే బండి ఇంజను సిగ్నలుకీ సిగ్నలుకీ మధ్య నిమిషానికి 1000 నుంచి 2500 చుట్ల లోపే బతుకుతుంది. 1960, 70లలో బారక్‌పూర్ విమానాల రన్‌వే మీద కార్ల పందేలు పెట్టేవారు. మన మద్రాసు వైపు షోళవరంలో జరిగినట్టే. అక్కడ పొడుగాటి తిన్నని దారి, పెడల్ నేలకి తొక్కిపట్టి ఇంజనుని దాని చివరి చుట్టుదాకా లాగే పని. ఇక నువ్వు పోయేది విశాఖ నుంచి అనంతగిరి మీదుగా అరకు. వంపు దగ్గర రెండో గేరు, బయటికి రాగానే 2000 నుంచి 4500 దాకా లాగుడు, మళ్లీ వంపు. ఈ మూడు బండ్లకీ ఇంజను ఒకటే కావచ్చు, కార్బ్యురేటర్ ఒకటే కాకూడదు. నువ్వు కొంటానన్న జత బారక్‌పూర్ రన్‌వేకి కూడా కాస్త ఎక్కువే అనిపిస్తుంది నాకు.

కాగితం తీసుకుని లెక్క వెయ్యి. నీ ఇంజను 1489 సీసీ. నాలుగు స్ట్రోకులది కాబట్టి క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి అంత గాలి లోపలికి పోతుంది. నిమిషానికి 5500 చుట్లు అనుకుంటే 2750 సార్లు. 1.489ని 2750తో గుణిస్తే దాదాపు 4095 లీటర్లు. మామూలు ఇంజను ఏదీ నూటికి నూరు పాళ్లు నిండదు; నీ హెడ్డు పని చూసి 85 పాళ్లు వేశాను. నిమిషానికి 3480 లీటర్లు, అంటే సెకనుకి 58 లీటర్ల గాలి. అమెరికా పుస్తకాల్లో ఇదే లెక్క ఇంకోలా ఉంటుంది: ఇంజను సైజుని ఘనపు అంగుళాల్లో రాసి, చుట్లతో గుణించి, 3456తో భాగించమంటారు. ఆ 3456 ఎక్కడిదంటే, ఘనపు అడుగులో 1728 ఘనపు అంగుళాలు ఉంటాయి, రెండు చుట్లకి ఒక్కసారి కాబట్టి దానికి రెట్టింపు. ఆ లెక్కన, 85 పాళ్లు వేసుకుంటే, నీ ఇంజనుకి నిమిషానికి సుమారు 123 ఘనపు అడుగులు.

5500 దగ్గరే ఎందుకు ఆగానంటావా? నీ క్రాంకుని మోసేవి మూడే మెయిన్ బేరింగులు. ఇంగ్లండులో ఈ బీ-సిరీస్ ఇంజనుకే 1964లో అయిదు బేరింగులు పెట్టారు, అదీ 1798 సీసీ దానికి. మూడు బేరింగుల క్రాంకుని ఎప్పుడైనా 6000 దాటించవచ్చు, రోజూ దాటించకూడదు. నీకు కొత్త క్యామ్ అమ్మినవాడు 7000 దాకా లాగుతుందని చెప్పి ఉంటాడు. లాగేది క్యామ్ కాదు, క్రాంకు. కార్బ్యురేటర్‌ని నువ్వు నిజంగా తిప్పబోయే చుట్లకి కొలిచి తీసుకోవాలి.

అమెరికా వాళ్ల పొరపాటు కూడా ఇక్కడే మొదలవుతుంది. 350 ఘనపు అంగుళాల షెవర్లే వీ8, అంటే 5.7 లీటర్లది, 6000 చుట్ల దగ్గర 85 పాళ్లు నిండితే దాని అవసరం 516 ఘనపు అడుగులు. 600 హోలీ కార్బ్యురేటర్ దానికి హాయిగా సరిపోతుంది. అయినా 750 వేసుకునేవాళ్లు ఎందరో. పైన గర్జన బాగుంటుంది. కింద సిగ్నలు దగ్గర పెడల్ తొక్కితే ముక్కుతుంది, తుమ్ముతుంది. ఇంకొక మెలిక కూడా తెలుసుకో: నాలుగు గొంతుల కార్బ్యురేటర్లని 1.5 అంగుళాల పాదరసం లోటు దగ్గర కొలిచి అంకె వేస్తారు, రెండు గొంతులవాటిని 3 అంగుళాల దగ్గర. అందుకని రెండు గొంతుల దాని మీద ఉన్న అంకెని 1.414తో భాగిస్తే గానీ నాలుగు గొంతుల దానితో పోల్చలేం. ఆ తేడా తెలియక రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు చాలామంది ఉన్నారు.

పెద్దది వేస్తే నష్టం ఏమిటి, ఎక్కువ గాలి పోతుంది కదా అని రాశావు. నీ ఉత్తరంలో అసలు ప్రశ్న అదే, దానికి సరిగ్గా జవాబు చెప్పాలి. కార్బ్యురేటర్ పని గాలిని పంపడం ఒక్కటే అయితే దాన్ని పీకేసి గొట్టం పెట్టుకోవచ్చు. దాని పని గాలి చేత పెట్రోలుని పైకి లాగించడం. పాపికొండల మధ్య గోదావరి ఇరుకై వేగం ఎత్తుకున్నట్టు, గొంతు సన్నబడిన చోట గాలి వేగం పెరుగుతుంది, అక్కడ ఒత్తిడి పడిపోతుంది, ఆ లోటే జెట్టులోంచి పెట్రోలుని పీలుస్తుంది. బెర్నూలీ ఈ సంగతి 1738లో రాశాడు, వెంచూరీ తరువాత కొలిచి చూపించాడు. గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, ఆ లోటు వేగానికి కాదు, వేగం వర్గానికి అనుపాతంలో ఉంటుంది. గొంతు వైశాల్యం రెట్టింపు చేస్తే అవే చుట్ల దగ్గర వేగం సగమవుతుంది, పెట్రోలుని లాగే బలం నాలుగో వంతుకి పడిపోతుంది. పెట్రోలు సన్నని తుంపరగా కాకుండా బొట్లుగా వస్తుంది, మానిఫోల్డు గోడలకి తడిగా అంటుకుంటుంది. నువ్వు పెడల్ తొక్కిన క్షణాన గాలి ముందు వెళ్లిపోతుంది, పెట్రోలు వెనకబడుతుంది. అదే ఆ ముక్కుడు.

ఎస్‌యు కార్బ్యురేటర్ ఈ చిక్కుని తప్పించడానికే పుట్టింది. ఎస్‌యు అంటే స్కిన్నర్స్ యూనియన్. లండన్‌లో చెప్పుల వ్యాపారం చేసుకునే స్కిన్నర్ కుటుంబంలో జార్జ్ హెర్బర్ట్ స్కిన్నర్ 1905 ప్రాంతంలో దీన్ని తయారు చేశాడు. తోలు వాళ్ల ఇంటి సరుకు కాబట్టి మొదటి వాటిలో పిస్టన్ బదులు తోలు తిత్తి ఉండేది. కంపెనీ 1910లో పెట్టారు, 1926లో మోరిస్ చేతికి పోయింది. ఆ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ బండే 1957లో ఉత్తర్‌పారాలో అంబాసిడర్ అయింది. అలా చెప్పుల కుటుంబం పనితనం హుగ్లీ ఒడ్డుకి వచ్చి చేరింది. నాకు ఈ కథ ఎంతో ఇష్టం.

దీనిలో గొంతు స్థిరంగా ఉండదు. గాలి ఎక్కువ లాగితే పిస్టన్ పైకి లేస్తుంది, తక్కువ లాగితే దిగుతుంది. గొంతు దానంతట అదే పెద్దదీ చిన్నదీ అవుతూ లోటుని దాదాపు ఒకే మట్టంలో ఉంచుతుంది. పిస్టన్ కింద సన్నగా చెక్కిన నీడిల్ జెట్టులో ఆడుతూ, లేచిన మేరకి పెట్రోలు వదులుతుంది. అందుకే ఎస్‌యు కొంచెం పెద్దదైనా హోలీలాగా, వెబర్‌లాగా వెంటనే మొరాయించదు. నీకు జత అమ్మజూపినవాడు బహుశా ఇదే చెప్పి ఉంటాడు. సగం నిజం అది. పిస్టన్ సర్దుకుంటుంది, బటర్‌ఫ్లై సర్దుకోదు. 1¾ అంగుళాల బటర్‌ఫ్లైలు రెండూ వెంట్రుకంత తెరుచుకున్నా నీ చిన్న ఇంజనుకి అది పెద్ద తలుపే. పెడల్ మొదటి అరంగుళంలోనే పని అంతా అయిపోతుంది, తరువాత ఎంత తొక్కినా ఏమీ ఉండదు. ఘాట్ రోడ్డు వంపులో కాలితో కొంచెం కొంచెం వదలడమే నేర్పు. ఆ నేర్పుని నీకు లేకుండా చేస్తుంది.

ఇప్పుడు జత సంగతి. నువ్వు రెండు గొంతుల వైశాల్యం కూడి చూశావు, అక్కడే దారి తప్పావు. నీ హెడ్డు పక్కభాగం, మానిఫోల్డు బిగించే వైపు, మళ్లీ చూడు. గాలి వచ్చే పోర్టులు నాలుగు కావు, రెండే. ఒకటీ రెండు సిలిండర్లకి ఒక పోర్టు, మూడూ నాలుగుకి ఒక పోర్టు, కవలల్లా అంటుకుని ఉంటాయి. ఫైరింగ్ ఆర్డరు 1-3-4-2. వేళ్ల మీద లెక్కపెట్టు: మూడు లాగగానే వెంటనే నాలుగు లాగుతుంది, రెండు లాగగానే వెంటనే ఒకటి లాగుతుంది. అంటే ఒక్కొక్క కార్బ్యురేటర్ వరుసగా రెండుసార్లు గుటకవేసి, ఆ తరువాత సగం కాలం ఖాళీగా కూర్చుంటుంది. ఏ క్షణం తీసుకున్నా గాలి దాదాపుగా ఒక్కదానిలోంచే పోతోంది. రెండు పెట్టినంత మాత్రాన మోసే శక్తి రెట్టింపు కాదు. జత వల్ల వచ్చే లాభం వేరు: దారి పొట్టిగా, తిన్నగా ఉంటుంది, వాల్వులు తెరిచి ఉండే కాలాలు ఒకదానిమీద ఒకటి పడినచోట కొంచెం ఊపిరి దొరుకుతుంది. ఆ లాభం నిజమే. పైచుట్లలో అది తెలుస్తుంది. దానికి ఖరీదు రెండింటినీ సరితూచి ఉంచడం. ఒకటి ఎక్కువ తెరుచుకుని ఒకటి తక్కువ తెరుచుకుంటే ఇంజను రెండు ముక్కలుగా నడుస్తుంది. స్పిండిల్ అరుగుదల, లింకు వదులు, పెడల్ తీగ సాగడం, వీటిని విడవకుండా చూసుకోవాలి. ఉద్యోగం చేసుకుంటూ సెలవురోజున బండి తీసేవాడివి నువ్వు.

సెకనుకి 58 లీటర్లు గుర్తుంది కదా. ఇప్పుడు నీ బండికున్న పాత 1¼ ఎస్‌యు ఒక్కటీ ఆ గాలిని పంపాలంటే దాని గొంతులో వేగం సెకనుకి 73 మీటర్లు. అది ఇరుకే, నిజంగా ఇంజను మెడ పట్టుకుంటోంది. 1½ ఒక్కటయితే 51 మీటర్లు. 1¾ ఒక్కటయితే 37. ఇవి పిస్టన్ పూర్తిగా లేచినప్పటి సగటు అంకెలు, అంతకన్నా ఎక్కువ బరువు వాటి మీద పెట్టకు. కానీ ఒక సంగతి అర్థమవుతుంది. నీ 1¼ తీసేసి ఒకే ఒక్క 1¾ పెట్టినా వైశాల్యం దాదాపు రెట్టింపు చేసినట్టే. ఇంకా ఎందుకు?

కంపెనీ వాళ్లే ఈ ప్రయోగాన్ని మనకోసం చేసి పెట్టారు. ఇదే 1489 సీసీ ఇంజను ఇంగ్లండులో ఎన్ని బండ్లలో పోయిందో, ఏ బండికి ఏ కార్బ్యురేటర్ పెట్టారో వరుసగా చూడు. ఎంజీ మాగ్నెట్ జెడ్‌ఏకి 1¼ జత, 60 హార్స్‌పవర్. తరువాత వచ్చిన జెడ్‌బీకి 1½ జత, 68 హార్స్‌పవర్. అయితే దానికి కంప్రెషన్ కూడా 8.3కి పెంచారు, కాబట్టి ఆ ఎనిమిదీ కార్బ్యురేటర్ ఖాతాలోనే రాయకూడదు. ఎంజీఏ స్పోర్ట్స్ కారుకీ 1½ జతే, అది 72 దాకా వెళ్లింది. మన అంబాసిడర్‌ది 50కి అటూ ఇటూ. మరి 1¾ జత ఎక్కడ వాడారు? ఇదే బ్లాకు మీద పూర్తిగా వేరే హెడ్డు, రెండు క్యామ్ షాఫ్టులు పైన పెట్టి, ఒకవైపు నుంచి గాలి వచ్చి రెండోవైపు నుంచి పొగ పోయేలా చేసిన 1588 సీసీ ఎంజీఏ ట్విన్ క్యామ్‌కి. 1958 నుంచి 1960 దాకా 2111 బండ్లు చేశారు. 6700 చుట్ల దగ్గర 108 హార్స్‌పవర్. పిస్టన్లు కాలిపోతాయన్న చెడ్డపేరు మోసి ఆగిపోయింది. కంప్రెషన్ చాలా ఎక్కువ అని కొందరన్నారు; కొన్ని చుట్ల దగ్గర కార్బ్యురేటర్లు అదిరి మిక్చర్ పల్చబడిపోయేదని తరువాత తేల్చినవాళ్లు ఉన్నారు. ఏదైనా, ఆ సైజు జతకి వాళ్లు ఎంత హెడ్డు, ఎన్ని చుట్లు జోడించారో చూడు. 1962లో వచ్చిన ఎంజీబీకి 1798 సీసీ, 95 హార్స్‌పవర్ ఉన్నా మళ్లీ 1½ జతకే దిగారు. నీ ఇంజను దానికన్నా మూడు వందల సీసీ తక్కువ.

ఇంకొకటి చెప్పి ఈ వరుస ఆపుతాను. 1275 సీసీ మినీ కూపర్ ఎస్ 76 హార్స్‌పవర్ తీసింది 1¼ జతతోనే. మాంటే కార్లో ర్యాలీని 1965లో, 1967లో గెలిచిన బండి పేరు అది. మంచు కొండల్లో వంపుల మీద వంపులు తిరిగే పోటీ. నీ అరకు దారికి దగ్గరి చుట్టం అదే గానీ రన్‌వే కాదు.

కాబట్టి నా మాట: ఒక్క హెచ్‌ఎస్6. ఆ పేర్లలో అంకెకి అర్థం, ఒక అంగుళం మీద ఎన్ని ఎనిమిదో వంతులు అని. హెచ్‌ఎస్2 అంటే 1¼, హెచ్‌ఎస్4 అంటే 1½, హెచ్‌ఎస్6 అంటే 1¾. మోరిస్ మరీనా 1.8కి 1798 సీసీ ఇంజను మీద ఒక్క హెచ్‌ఎస్6 పెట్టి అమ్మారు, అది చక్కగా నడిచింది. నీకు మధ్యలో ఉండే 1½ ఒక్కటీ సరిపోదా అంటే, హెడ్డు మార్చకపోతే అదే చెప్పేవాణ్ని. మార్చావు కాబట్టి 1¾. మానిఫోల్డు మాత్రం పాతది పనికిరాదు. దాని దారి 1¼కి తగ్గట్టు ఉంది. దాని మీద పెద్దది బిగిస్తే వెడల్పు నోరు ఇరుకు మెడ మీద కూర్చుంటుంది. ఒక్క కార్బ్యురేటర్‌కి, ఈ హెడ్డుకి సరిపడే మానిఫోల్డు వెతకాలి, లేదా లేత్ షాపులో చేయించుకోవాలి. గాస్కెట్ అంచు పోర్టులోకి పొడుచుకు రాకుండా వేలు పెట్టి చూసుకో.

వెబర్ 45 గురించి కూడా అడిగావు. మంచి సరుకు, అందమైన సరుకు. దాని చోకు, మెయిన్ జెట్టు, ఎమల్షన్ ట్యూబు, ఎయిర్ జెట్టు ఇవన్నీ విడివిడిగా మార్చుకోవచ్చు. అదే దాని గొప్పా, అదే దాని తలనొప్పీ. సరైన కలయిక దొరికేదాకా డబ్బా నిండా జెట్లు కావాలి, బండిని డైనో మీద పెట్టేచోటు కావాలి. నీ దగ్గర రెండూ లేవు.

కొనే ముందు ఒక పని చెయ్యి. ఇదే ఈ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యం. ఇప్పుడున్న 1¼ని పెట్టుకునే కొలువు. ఎస్‌యు తనకు తానే కొలబద్ద. పైన డ్యాంపర్ మూత విప్పెయ్యి. ఆ చోట చిన్న రబ్బరు బిరడా పెట్టి, దానికి సన్నటి రంధ్రం చేసి, తేలికైన ప్లాస్టిక్ పుల్ల ఒకటి దింపు, దాని కింది కొస పిస్టన్ గొట్టం అడుగున ఆనేలా. పుల్ల బిరడాలో కాస్త పట్టుగా, వేలితో తోస్తే కదిలేంత వదులుగా ఉండాలి. పిస్టన్ లేచినప్పుడు పుల్లని పైకి తోస్తుంది, దిగినప్పుడు పుల్ల అక్కడే ఆగిపోతుంది. ఇంజను ఆపి ఉండగా చేత్తో పిస్టన్‌ని పూర్తిగా ఎత్తి పై గీత పెట్టు, వదిలేసి కింది గీత పెట్టు. తరువాత ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో, పూర్తి పెడల్ మీద, ముందు 3000 దాకా లాగి ఆపి చూడు. మళ్లీ 3500 దాకా. మళ్లీ 4000. డ్యాంపర్ లేదు కాబట్టి పెడల్ ఒక్కసారిగా తొక్కకుండా మెల్లగా నేలకి చేర్చు. పిస్టన్ 3500 దగ్గరే పైకప్పు తాకేస్తే ఆ కార్బ్యురేటర్ నీ ఇంజనుకి చిన్నదని రుజువైనట్టే. కొత్తది బిగించాక ఇదే పని మళ్లీ చెయ్యి. 5000, 5500 దగ్గర పై గీతకి చేరితే సరైన సైజు. మూడింట రెండు వంతుల దగ్గరే ఆగిపోయి ఎంత లాగినా లేవకపోతే, మిగతా మూడో వంతుకి నువ్వు ఊరికే డబ్బు పెట్టినట్టు. 1¾ జత కొని ఈ పరీక్ష చేస్తే ఆ పిస్టన్లు చివరిదాకా లేచే రోజు నీ ఇంజనుకి రాదు.

స్థిరమైన గొంతు ఉన్న కార్బ్యురేటర్‌కి ఈ పుల్ల పరీక్ష కుదరదు. దానికి మానిఫోల్డు దగ్గర వాక్యూమ్ గేజి పెట్టి, పూర్తి పెడల్ మీద పైచుట్లలో చూస్తారు. రోడ్డు బండికి 1 నుంచి 1.5 అంగుళాల పాదరసం దగ్గర ఉంటే బాగున్నట్టు. అంతకు మించితే ఇరుకు, సున్నా దగ్గరే ఉంటే మరీ వెడల్పు. అలాంటి కార్బ్యురేటర్ ఉన్న నీ స్నేహితుడి జీపుకి ఇది పనికొస్తుంది.

గాలి సంగతి కూడా చెప్పాలి. పుస్తకాల అంకెలన్నీ 15 డిగ్రీల చల్లటి పొడి గాలికి రాసినవి. మే నెలలో కోల్‌కతాలోనో విశాఖలోనో 38 డిగ్రీలుంటే గాలి 7 శాతం పల్చన, మన సముద్రపు తేమ ఇంకొంత ఆక్సిజన్ చోటు లాక్కుంటుంది. ఇక్కడినుంచి డార్జిలింగ్ వెళ్లే బండ్లు 2000 మీటర్ల ఎత్తు ఎక్కేసరికి గాలిలో దాదాపు అయిదో వంతు పోయి, నల్లగా పొగ వదులుతూ చేరతాయి. నీ అరకు 900 మీటర్లే కాబట్టి అంత బాధ లేదు. పెద్ద కార్బ్యురేటర్ పెడితే పల్చటి గాలి చిక్కబడుతుందనుకునేవాళ్లున్నారు. చిక్కబడదు.

గాలి కన్నా ఇప్పుడు నాకు పెట్రోలు గురించే ఎక్కువ బెంగ. బంకుల్లో ఇప్పుడు వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసినది. మామూలు పెట్రోలు ఒక కిలో మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఈ మిశ్రమానికి 13.5 చాలు. అంటే అదే గాలికి దాదాపు 9 శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. పాత నీడిల్‌తో నడిపితే మిక్చర్ పల్చబడి, ఎక్కుడులో వాల్వులు వేడెక్కుతాయి. కొత్త కార్బ్యురేటర్ పెట్టి పికప్ తగ్గిందని సైజుని తిట్టుకునేవాళ్లలో చాలామంది బాధ నిజానికి ఇదే. ఒక అంకె చిక్కగా ఉన్న నీడిల్ వెయ్యి. హెచ్‌ఎస్6 జెట్టు 0.100 అంగుళాలది, నీ పాత దానిది 0.090, కాబట్టి పాత నీడిల్ తీసి ఇందులో పెట్టకు. రబ్బరు గొట్టాలు, కార్కు వాషర్లు ఇథనాల్‌కి ఉబ్బిపోతాయి. అన్నీ కొత్తవి వేసుకో. బండి నెలల తరబడి నిలబెడితే తొట్టిలో పెట్రోలు వంపెయ్యి.

హెచ్‌ఎస్6 కోసం నేను ఇక్కడ మల్లిక్‌బజారులో చూస్తాను. ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ 2014 మే నెలలో మూతపడ్డాక పాత సామాను ఈ సందుల్లోకి చాలా వచ్చింది. ఆ ఫ్యాక్టరీ నది అవతలి ఒడ్డున, మన తాతయ్య శ్రీకాకుళం నుంచి వచ్చి జనపనార మిల్లులో చేరిన టీటాగఢ్ ఇవతలి ఒడ్డున ఎగువకి. ఆ ప్రాంతం వాళ్లకి ఈ ఇంజనంటే ఇంటి మనిషి లెక్క. ఒకవేళ నీకు అక్కడే దొరికితే మూడు చూసి కొను. బటర్‌ఫ్లై స్పిండిల్ పట్టుకుని ఊపు, ఆడితే దొంగగాలి పోతుంది, ఐడ్లింగ్ ఎప్పటికీ కుదరదు. పిస్టన్, దాని పైన గిన్నె రెండూ ఒకే జోడీవి అయ్యుండాలి; అవి కంపెనీలో ఒకదానికొకటి సరిచూసి బిగించినవి, వేర్వేరు బండ్లవి కలిపి అమ్ముతారు. పరీక్ష ఇలా: పిస్టన్‌లో ఉన్న రంధ్రాలు మూసి, గిన్నెలో పెట్టి డ్యాంపర్ బిగించి, తలకిందులు చేసి పిస్టన్‌ని పట్టుకుంటే గిన్నె మెల్లగా జారి ఊడాలి. ఈ సైజుకి 5 నుంచి 7 సెకన్లు. టప్పున పడితే అరిగింది, ఇరుక్కుంటే వంగింది. మూడోది స్ప్రింగు: రంగు చూడు. ఎరుపు 4.5 ఔన్సులు, పసుపు 8 ఔన్సులు. నీకు పసుపుతో మొదలుపెట్టమంటాను. డ్యాంపర్‌లో 20 నెంబరు నూనె వెయ్యి.

బిగించాక మిక్చర్ చూసుకోవడం తేలికే. ఇంజను బాగా వేడెక్కాక, ఐడ్లింగ్‌లో ఉండగా, పిస్టన్‌ని లిఫ్టింగ్ పిన్నుతో వెంట్రుకవాసి ఎత్తు. చుట్లు పెరిగి అలాగే ఉంటే చిక్కన. ఆగిపోబోతే పల్చన. కొంచెం పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిగ్గా ఉంది. అది ఐడ్లింగ్ మాట మాత్రమే. ఎక్కుడు మీద ఎలా ఉందో ప్లగ్గులు చెబుతాయి. అనంతగిరి ఎక్కుడులో పూర్తి పెడల్ మీద ఉండగానే ఇంజను ఆపి, పక్కకి తీసి, నాలుగు ప్లగ్గులూ విప్పి వరుసగా పెట్టి ఫొటో తియ్యి. ఒకటీ నాలుగూ ఒక రంగు, రెండూ మూడూ ఒక రంగు ఉంటే కంగారుపడకు, ఆ అంటుకున్న పోర్టుల వల్ల కొంత తేడా ఉంటుంది. ఎంత తేడా అన్నది నేను చూడాలి.

ముందు ఆ పుల్ల పరీక్ష చేసి, ఏ చుట్ల దగ్గర ఎంతవరకు లేచిందో నాలుగు అంకెలు రాసి పంపు. ఇప్పుడున్న నీడిల్ మీద చెక్కిన అక్షరాలు, క్యామ్ పెట్టె మీద ఉన్న డిగ్రీలు, హెడ్డు ఎంత ప్లేన్ చేశారన్నది, పోర్టుల మధ్య దూరం స్కేలు పెట్టి కొలిచి కాగితం మీద గీసి దాంతోపాటే పెట్టు. అవి చేతికందాక మానిఫోల్డు, నీడిల్ రెండూ ఇక్కడే చూసి పార్సిల్ చేస్తాను. అమ్మేవాడు తొందరపెడితే ఆ జత వేరేవాళ్లకి అమ్ముకోమను.

అమ్మని అడిగానని చెప్పు. అత్తయ్య నిన్ను చలికాలంలో రమ్మంటోంది; స్టేట్స్‌మన్ వాళ్ల పాత కార్ల ర్యాలీ ఆ రోజుల్లోనే ఉంటుంది, ఇద్దరం వెళ్లి బానెట్లు తెరిచి చూద్దాం.

మీ మావయ్య